పాత డెల్ ఆప్టిప్లెక్స్‌ని 15 వేలలో గేమింగ్‌కి పనికొచ్చేలా చేయొచ్చా?

కాకినాడ_కెరటం
మా ఇంట్లో డెల్ ఆప్టిప్లెక్స్ 9020 ఉంది. ఐ5-4590 ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్ (ఒకటే స్టిక్కు), 500 జీబీ హార్డ్‌డిస్కు, విండోస్ 10. గ్రాఫిక్స్ కార్డు లేదు. నాన్న వాళ్ల ఆఫీసులో పాతవి అమ్మేస్తుంటే తెచ్చారు. నేను బీటెక్ రెండో ఏడాది. ట్యూషన్లు చెప్పి దాచుకున్న 15 వేలు ఉన్నాయి. ఇంట్లో మాత్రం ఒక్క రూపాయి అడగను.

వాలరెంట్ (ఆన్‌లైన్ షూటింగ్ ఆట) మామూలుగా ఫర్వాలేదు గానీ, నలుగురు ఒకచోట చేరి స్మోకులు (పొగబాంబులు) వేశారంటే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. జీటీఏ 5లో సెట్టింగులన్నీ కిందికి లాగినా, కారు స్పీడు పెంచితే రోడ్డు నా వెనకాల వస్తోంది. ఊళ్లో షాపాయన్ని అడిగితే "ఇది పక్కన పడేసి కొత్తది కట్టించుకో, 45 వేలవుతుంది" అన్నాడు.

ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు, ఆర్ఎక్స్ 580 8 జీబీ, 6,500కి కనబడింది. తీసుకుని పెట్టేయనా?

ఫ్రేమ్‌రేటు_రాజు
కళ్లు మూసుకుని తీసుకో. 8 జీబీ కార్డు ఆ రేటుకి మళ్లీ దొరకదు.

స్క్రూడ్రైవర్_శీను
రాజూ, నువ్వు కళ్లు మూసుకోమంటావు, పొగొచ్చాక తెరవాల్సింది ఆ పిల్లోడు. ఆగు తమ్ముడూ, డబ్బు పంపకు. ముందు ఇవి చెప్పు. నీది పెద్ద టవరా, సన్న క్యాబినెట్టా? పక్క తలుపు తీసి ఎస్ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె) మీద స్టిక్కరు చూడు, ఎన్ని వాట్లని రాసుంది? దాన్నుంచి మదర్‌బోర్డుకి వెళ్లే లావు కేబుల్‌కి ఎన్ని పిన్నులున్నాయి? మానిటర్ ఏది, ఏ కేబుల్‌తో పెట్టావు?

కాకినాడ_కెరటం
పెద్ద టవరే అన్నా. స్టిక్కరు మీద 290 వాట్లు. బోర్డుకి వెళ్లే కేబుల్‌కి 8 పిన్నులు. గ్రాఫిక్స్ కార్డుకి పెట్టే విడి వైరేమీ కనబడలేదు. మానిటర్ 20 అంగుళాలది, 1600×900, దానికి వీజీఏ ఒక్కటే ఉంది.

ఓరుగల్లు_గేమర్
290 వాట్ల మీద 580యా? మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా అడిగి పెట్టు తమ్మీ 😄

స్క్రూడ్రైవర్_శీను
సరే, ఇప్పుడు చెప్తాను. నాది రిపేరు పనే, ఈ 9020లు వారం వారం చేతికొస్తాయి.

ఆర్ఎక్స్ 580 ఒక్కటే 185 వాట్ల దాకా లాగుతుంది. బోర్డు మీద కార్డు గుచ్చే స్లాటు ఇచ్చేది 75 వాట్లే. మిగిలింది విడిగా 8 పిన్నుల వైరుతో అందాలి. నీ ఎస్ఎంపీఎస్‌కి ఆ వైరే లేదు. అప్పుడు అమ్మేవాడు ఏం చేస్తాడంటే, హార్డ్‌డిస్కుకి పెట్టే సాటా పవర్ వైరు నుంచి 8 పిన్నులకి మార్చే ఒక అడాప్టరు చేతిలో పెడతాడు. సాటా కనెక్టరులో 12 వోల్టుల మీద ఓర్చుకునే కరెంటు నాలుగున్నర ఆంపియర్లు, అంటే 54 వాట్లు. దాన్నుంచి వంద దాటి లాగితే ప్లాస్టిక్కు కరుగుతుంది. అలా కరిగి, హార్డ్‌డిస్కు పిన్నులకే అతుక్కుపోయిన కేబుల్‌ని బ్లేడు పెట్టి కోసి తీయాల్సొచ్చింది, మా షాపుకొచ్చిన ఒక పెట్టెలో. నీకు ఎవరు ఏం చెప్పినా ఆ అడాప్టరు జోలికి పోవద్దు.

ఇంకోటి. 6,500కి దొరికే 580లలో చాలా వాటి మీద చిన్న అక్షరాలతో 2048ఎస్‌పీ అని ఉంటుంది. అసలు 580కి 2304 కోర్లు. 2048 ఉన్నది 570. పేరు 580, లోపల 570. పైగా వాటిలో మైనింగ్‌లో రాత్రింబగళ్లు అరిగినవి చాలానే ఉన్నాయి.

నీకు సరిపోయేది విడి పవర్ వైరు అడగని కార్డు. జీటీఎక్స్ 1650లో 6 పిన్నులు లేని మోడల్. పూర్తి లోడులో 75 వాట్లు. నీ ప్రాసెసరు 84 వాట్లు, మిగతావన్నీ కలిపి 40 అనుకో. మొత్తం 200. 290కి హాయిగా సరిపోతుంది. కొనేముందు కార్డు ఫొటో అడిగి పైఅంచు చూడు. అక్కడ 6 పిన్నుల సాకెట్టు ఉందంటే అది నీకు కాదు, అదే పేరుతో రెండు రకాలూ వచ్చాయి.

ఫ్రేమ్‌రేటు_రాజు
సాటా అడాప్టరు నేనూ వద్దనే అంటాను. కానీ 9020 టవర్లో మామూలు ఏటీఎక్స్ ఎస్ఎంపీఎస్ పడుతుంది కదా శీనన్నా. 24 నుంచి 8 పిన్నులకి మార్చే కేబుల్ డెల్ కోసమే వస్తుంది. 450 వాట్లది మంచి కంపెనీ ఎస్ఎంపీఎస్ వేసి, దాని మీద 1660 సూపర్ పెడితే 1650 ఎక్కడ, అది ఎక్కడ!

స్క్రూడ్రైవర్_శీను
పడుతుంది, కాదనను. ఆ కేబుల్ బాగానే పనిచేస్తుంది కూడా. కానీ లెక్కేయి. ఎస్ఎంపీఎస్, కేబుల్, 1660 సూపర్ కలిపేసరికి 15 వేలు అక్కడే అయిపోతాయి. ఆ హార్డ్‌డిస్కుతో ఆడమంటావా?

బెజవాడ_బిట్స్
అదే నేను అరవబోతున్నా. అసలు కెరటం చెప్పిన రెండో బాధ చూడండి, "రోడ్డు నా వెనకాల వస్తోంది" అన్నాడు. అది గ్రాఫిక్స్ కార్డు పని కాదు, హార్డ్‌డిస్కు నుంచి బొమ్మలు అందడం లేదు. పాత డిస్కు సెకనుకి వంద, నూటయాభై ఎంబీలు ఇస్తే ఎక్కువ. చిల్లర ఫైళ్లయితే అందులో నాలుగో వంతు కూడా రాదు. మామూలు సాటా ఎస్ఎస్‌డీ 500 ఇస్తుంది. ముందు ఎస్ఎస్‌డీ, తర్వాతే ఏదైనా. సైబర్‌పంక్ 2077 లాంటివి ఇప్పుడు ఎస్ఎస్‌డీ లేకపోతే కుదరదని కనీస అవసరాల్లోనే రాసేశారు.

ఎన్‌వీఎంఈ (బోర్డు మీదే గుచ్చే రకం ఎస్ఎస్‌డీ) మాత్రం కొనకు. ఆ బోర్డు మీద ఎం.2 స్లాటు లేదు. కార్డు మీద పెట్టి గుచ్చినా దాన్నుంచి విండోస్ బూట్ అవ్వాలంటే నానా తంటాలు. రెండున్నర అంగుళాల సాటాదే తీసుకో.

నిజామాబాద్_నైట్‌షిఫ్ట్
నా దగ్గర గిదే డబ్బ ఉన్నది. 9020 టవర్, గిదే ఐ5. 1650 ఏసిన, ఎస్ఎస్‌డీ ఏసిన. వాలరెంట్ మంచిగ నడుస్తది. జీటీఏల మాత్రం సిటీ నడిమిట్లకు వస్తే గుంజుతుండె. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసరు వంద శాతం, కార్డు అరవై కాడ ఆగింది. ఐ7-4790 పాతది దొరికితే ఏసిన, గుంజుడు బందైంది. నాలుగు కోర్లు నాలుగు త్రెడ్లు ఇప్పటి ఆటలకు సాల్తలేవు అన్న. బోర్డు మార్చేది లేదు, పాతది తీసి కొత్తది పెట్టుడే. డెల్ ఫ్యానే మల్ల బిగించిన, థర్మల్ పేస్టు కొత్తది రాసి.

పాత_మదర్‌బోర్డు
ఇక్కడ నేను ఒప్పుకోను. ఈ పెట్టె 2013లో వచ్చిన హాస్‌వెల్ తరం. ఇందులో పెట్టే ప్రతి రూపాయికీ ఒకే ప్రశ్న వేసుకోవాలి: రెండేళ్ల తర్వాత ఈ పెట్టె తీసేసినప్పుడు ఈ వస్తువు నాతో వస్తుందా, దీంతోనే పోతుందా? ఎస్ఎస్‌డీ వస్తుంది. గ్రాఫిక్స్ కార్డు వస్తుంది. మంచి ఎస్ఎంపీఎస్ వస్తుంది. డీడీఆర్3 ర్యామ్ రాదు. ఐ7-4790 రాదు. ఐ7 మీద పెట్టే మూడున్నర వేలు తర్వాతి మదర్‌బోర్డులో సగం డబ్బు. కుర్రాడు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన సొమ్ము, పాతబడిన సాకెట్టులో పోయమని నేను చెప్పలేను.

నిజామాబాద్_నైట్‌షిఫ్ట్
అన్న నీ మాట కరెక్టే కానీ రెండేండ్లు ఆడేది ఎవరు? ఆడేది ఇప్పుడు. గుంజుకుంట గుంజుకుంట రెండేండ్లు ఆడాల్నా?

ఫ్రేమ్‌రేటు_రాజు
నైట్‌షిఫ్ట్‌తో నేను. జీటీఏ 5 2025లో వచ్చిన కొత్త వెర్షన్‌కి కనీస ప్రాసెసరే ఐ7-4770 అని ఇచ్చారు. ఐ5 దానికి కిందే.

పాత_మదర్‌బోర్డు
కొత్త వెర్షన్ ఎవరాడమన్నారు రాజూ? పాత వెర్షన్ ఇంకా ఉంది కదా. నేను ఐ7 ఎప్పటికీ వద్దనడం లేదు, మొదటి రోజే వద్దంటున్నాను. ముందు కార్డు, ఎస్ఎస్‌డీ పెట్టి ఆడు. నైట్‌షిఫ్ట్ చేసినట్టే టాస్క్ మేనేజర్ చూడు. ప్రాసెసరు నిండిపోయి కార్డు ఖాళీగా ఉంటే అప్పుడు ఐ7 కొను. రెండూ చూడకుండా కొనడం దేనికి?

నిజామాబాద్_నైట్‌షిఫ్ట్
గట్ల అంటే ఒప్పుకుంట.

ఓరుగల్లు_గేమర్
ఈ వేదికల ఒకళ్లు "ఒప్పుకుంట" అన్నరు. స్క్రీన్‌షాట్ తీస్కోండ్రి 😂

అనంతపురం_ఆదిత్య
1050 టీఐ గురించి ఎవరూ అనలేదేం? అదీ 75 వాట్లే, విడి వైరు అక్కర్లేదు, మా వైపు మూడున్నర నాలుగు వేలకే వస్తోంది. 1650కి పెట్టే దాంట్లో సగం చిల్లర.

పార్క్‌లేన్_పరిశోధకుడు
ఆదిత్య గారు, ఒక ఏడాది ముందైతే నేనూ అదే చెప్పేవాణ్ణి. 1050 టీఐ పాస్కల్ తరం. వాటికి కొత్త ఆటల కోసం ఇచ్చే డ్రైవర్లు ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది. ఇక 2028 అక్టోబరు దాకా భద్రతా అప్‌డేట్లే. 1650 దాని తర్వాతి ట్యూరింగ్ తరం, దానికి డ్రైవర్లు ఇంకా వస్తున్నాయి. బడ్జెట్ మరీ పదివేల లోపైతే 1050 టీఐ, లేకపోతే 1650. ఏఎండీ 580 కూడా పాత డ్రైవర్ల వరసలోకి ఎప్పుడో వెళ్లిపోయింది.

ఆర్ఎక్స్ 6400 ఎవరైనా చెప్తారేమో, ముందే అంటున్నా. కార్డు మంచిదే, 53 వాట్లే. కానీ అది పీసీఐఈ (కార్డుకీ బోర్డుకీ మధ్య దారి) 4.0 మీద నాలుగు లేన్లతోనే మాట్లాడుతుంది. 9020లో ఉన్నది 3.0. దారి సగమైపోతుంది, కార్డులోని 4 జీబీ మెమరీ నిండిన ఆటల్లో తేడా బాగా తెలుస్తుంది. ఆప్టిప్లెక్స్ 3020 ఉన్నవాళ్లకి ఇంకా కష్టం, అందులో హెచ్81 చిప్‌సెట్టు, అది 2.0 దగ్గరే ఆగిపోతుంది.

కాకినాడ_కెరటం
అందరికీ చాలా థ్యాంక్స్. 580 వద్దనుకున్నా. 1650, ఎస్ఎస్‌డీ ఖాయం. ర్యామ్ సంగతి? 8కి ఇంకో 8 కలపనా? ఊళ్లో ఒకాయన 16 జీబీ స్టిక్కు ఒక్కటే వెయ్యికి ఇస్తానంటున్నాడు.

స్క్రూడ్రైవర్_శీను
16 జీబీ ఒకే స్టిక్కు, డీడీఆర్3, వెయ్యి రూపాయలు. నూటికి తొంభై తొమ్మిది అది సర్వర్ ర్యామ్. నీ బోర్డులో గుచ్చితే స్క్రీనే రాదు. స్టిక్కరు మీద నంబరు చూడు, 12800 పక్కన ఆర్ అని ఉంటే సర్వర్‌ది, యు అని ఉంటే నీది. 8 జీబీ, 1600 స్పీడుది ఇంకొకటి తెచ్చుకో. రెండింటినీ జతగా తెల్ల క్లిప్పులున్న స్లాట్లలో పెడితే డ్యూయల్ ఛానెల్ అవుతుంది, రెండూ కలిసి వేగంగా పనిచేస్తాయి.

పాత_మదర్‌బోర్డు
ర్యామ్ నాతో రాదని నేనే అన్నాను గానీ, ఇది కొను. 8 జీబీతో విండోస్, డిస్కార్డు, ఆట మూడూ నడవవు. డీడీఆర్3 పాతది ఇంకా చవగ్గానే ఉంది. కొత్త డీడీఆర్4, డీడీఆర్5 ధరలు 2025 చివర్లో ఏఐ సర్వర్ల గిరాకీకి ఎలా ఎగిరాయో చూశాం కదా. మీ షాపాయన చెప్పిన 45 వేలలో ర్యామ్ వాటా అడుగు, ఈ పాత పెట్టె విలువ తెలుస్తుంది.

డల్లాస్_బాబాయ్
సంక్రాంతికి వస్తున్నాను. ఇక్కడ కార్డు ఏదైనా కావాలంటే చెప్పు నాన్నా, సూట్‌కేసులో పడేస్తాను.

పార్క్‌లేన్_పరిశోధకుడు
బాబాయ్ గారూ, మీ మనసు పెద్దది. కానీ చాలా కంపెనీల వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుంది. పాడైతే ఆ సూట్‌కేసు మళ్లీ డల్లాస్ వెళ్లాలి.

ఓరుగల్లు_గేమర్
సూట్‌కేసుల ఆవకాయ జాడీ ఉంటది, దాని పక్కన గ్రాఫిక్స్ కార్డు. నూనె థర్మల్ పేస్టు అయితది బాబాయ్.

డల్లాస్_బాబాయ్
ఆవకాయ అటు నుంచి ఇటు వస్తుందిరా అబ్బాయ్, ఇటు నుంచి అటు కాదు 😀

లైనక్స్_లక్ష్మి
ఎవరూ విండోస్ సంగతి ఎత్తలేదు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగులు సింక్ చేస్తే 2026 అక్టోబరు దాకా భద్రతా అప్‌డేట్లు డబ్బు కట్టకుండా వస్తాయి, అది ఇవాళే ఆన్ చేసుకో. విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. ఎనిమిదో తరం ఇంటెల్, టీపీఎం (భద్రతా చిప్పు) 2.0 అడుగుతుంది. నీ ప్రాసెసరు నాలుగో తరం, టీపీఎం 1.2.

అడ్డదారిన 11 ఎక్కించుకోవచ్చు, కానీ వాలరెంట్ ఆడేవాళ్లు ఆ పని చేయకండి. దాని వాన్‌గార్డు (ఆటలో మోసాలు పట్టే సాఫ్ట్‌వేర్) 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ చూస్తుంది, లేకపోతే ఆట తెరుచుకోదు. 10 మీద మామూలుగా ఆ పట్టు లేదు.

ఒక్కడే ఆడుకునే ఆటలైతే లైనక్స్‌లో గేమింగ్ కోసం చేసిన బజైట్ వేసుకో. స్టీమ్ ఆటలు ప్రోటాన్‌తో (విండోస్ ఆటల్ని లైనక్స్‌లో నడిపేది) చాలావరకు నడుస్తాయి. వాలరెంట్ మాత్రం లైనక్స్ మీద నడవదు, జీటీఏ ఆన్‌లైన్ కూడా 2024 నుంచి రానివ్వడం లేదు.

ఫ్రేమ్‌రేటు_రాజు
లక్ష్మక్క ఈసారి "లైనక్స్ వేసుకో, సమస్యలన్నీ పోతాయి" అనకుండా నడవనివి కూడా చెప్పింది.

లైనక్స్_లక్ష్మి
నేనెప్పుడూ చెప్తాను, నువ్వు సగం చదివి లైకు కొట్టేస్తావు.

పార్క్‌లేన్_పరిశోధకుడు
కెరటం, కార్డు ఎక్కడ కొంటున్నావు? సికింద్రాబాద్‌లో ఎవరైనా ఉంటే పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పంపు. శనివారం సాయంత్రం వద్దు, జనంలో ఎవడూ కార్డు పరీక్షించనివ్వడు. వారం మధ్యలో పొద్దున వెళ్లమను.

అక్కడే ఒక సిస్టమ్‌లో పెట్టించి జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపే సాఫ్ట్‌వేర్) తెరవమనండి. 1650కి 896 కోర్లు కనబడాలి. వేరే అంకె ఉంటే లేచి వచ్చేయండి, బయోస్ మార్చి పాత కార్డుకి కొత్త పేరు పెట్టి అమ్మేవాళ్లున్నారు. తర్వాత ఫర్‌మార్క్ (కార్డు మీద పూర్తి లోడు వేసి పరీక్షించేది) పావుగంట నడిపించండి. స్క్రీన్ మీద రంగు చుక్కలు, గీతలు వస్తే వద్దు. ఫ్యాను గరగరమంటే ధర తగ్గించమనండి, ఫ్యాను మార్చుకోవచ్చు. వేడి 80 డిగ్రీలు దాటి పోతూనే ఉంటే పేస్టు ఎండిపోయి ఉండొచ్చు. షాపు బిల్లు మీద కార్డు సీరియల్ నంబరు, "టెస్టింగ్ వారంటీ ఇన్ని రోజులు" అని రాయించుకోవాలి. నోటిమాట వారంటీ మెట్లు దిగేలోపు అయిపోతుంది.

స్క్రూడ్రైవర్_శీను
ఒకటి మర్చిపోతున్నారు, అతని మానిటర్‌కి వీజీఏ ఒక్కటే. 1650కి వీజీఏ ఉండదు. కొన్నిటికి డీవీఐ ఉంటుంది గానీ అందులోంచి కూడా వీజీఏ సిగ్నలు రాదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టరు కొను, లోపల చిప్పు ఉండేది. ఉత్త కేబుల్ ఒకవైపు ఇది, ఒకవైపు అది అని అమ్ముతారు, దాంతో బొమ్మ రాదు.

బెజవాడ_బిట్స్
ఆ మానిటర్ ఒకరకంగా మేలే. 1600×900 అంటే ఫుల్ హెచ్‌డీలో దాదాపు మూడింట రెండొంతుల పిక్సెళ్లే. 1650 మీద ఆ మేరకు బరువు తగ్గుతుంది.

కాకినాడ_కెరటం
పెట్టేశాను! సికింద్రాబాద్‌లో పెద్దమ్మ కొడుకు ఉన్నాడు, పరిశోధకుడు గారి పోస్టు ఫోన్‌లో చూపిస్తూ కొన్నాడట. 896 కోర్లు చూశాకే డబ్బులిచ్చాడు. 1650 సింగిల్ ఫ్యానుది 6,300. సాటా ఎస్ఎస్‌డీ 500 జీబీ, 8 జీబీ ర్యామ్ ఒకటి, కన్వర్టరు, థర్మల్ పేస్టు అన్నీ కలిపి 12 వేలు దాటలేదు.

వాలరెంట్ "లో" సెట్టింగుల్లో పెడితే సెకనుకి 120 ఫ్రేముల పైనే ఉంటోంది, స్మోకుల గొడవలో 90కి దిగుతోంది. అంతకుముందు ఆ చోట బొమ్మే ఆగేది. జీటీఏ పాత వెర్షన్ హైలో 60 చుట్టూ, రోడ్డు ముందే వచ్చి కూర్చుంటోంది. సిటీ మధ్యలో ఒక్కోసారి గుంజుతోంది, నైట్‌షిఫ్ట్ అన్న చెప్పినట్టే. టాస్క్ మేనేజర్లో ప్రాసెసరు 95 పైన, కార్డు 70 దగ్గర.

నిజామాబాద్_నైట్‌షిఫ్ట్
నేను జెప్పలే? మూడు వేలు మిగిలినయ్ కదా, ఐ7 పట్టు.

పాత_మదర్‌బోర్డు
లెక్క చూసి చెప్తున్నాడు కాబట్టి ఇప్పుడు నేనూ అడ్డురాను. కానీ ఒక పని ముందు చెయ్. జీటీఏలో జనసాంద్రత స్లైడరు సగానికి తగ్గించు. అది ఎక్కువగా ప్రాసెసరు మీద పడే బరువు. షేడర్లు, టెక్స్చర్లు అలాగే ఉంచు. ఫ్రేములు 60 దగ్గర ఆపు, ఆ మానిటర్ 60 హెర్ట్‌జే కదా. గుంజుడు తగ్గిందంటే మూడు వేలు దాచుకో.

కాకినాడ_కెరటం
చేశాను సార్. చాలా తగ్గింది, రాత్రి వానలో ఒక్కచోట తప్ప ఎక్కడా తెలియడం లేదు. ఐ7 ఇప్పుడే కొనను. ఆ డబ్బు మంచి ఎస్ఎంపీఎస్ కోసం పక్కన పెడుతున్నా.

ఫ్రేమ్‌రేటు_రాజు
అంటే 1660 సూపర్‌కి దారి వేస్తున్నావన్నమాట. నా మాట వృథా పోలేదు.

తిరుపతి_టర్బో
నాదీ 9020నే కానీ సన్నది, పడుకోబెట్టే రకం. 255 వాట్లు. ఇదే 1650 పడుతుందా?

స్క్రూడ్రైవర్_శీను
కెరటం పెట్టింది పట్టదు, ఎత్తు ఎక్కువ. లో ప్రొఫైల్ 1650 అని వేరే వస్తుంది, పొట్టిది, వెనక రేకు కూడా పొట్టిగానే ఉంటుంది. ఆ పొట్టి రేకు పెట్టెలో ఉందో లేదో అడిగి కొను, సెకండ్ హ్యాండ్‌లో చాలామంది అది పోగొట్టే అమ్ముతారు. ధర మామూలు దానికంటే రెండు వేలు ఎక్కువే చెప్తారు, నీలాంటి పెట్టెలున్నవాళ్లందరూ దానికోసమే వెతుకుతున్నారు. ఇంకోటి, దాని ఫ్యాన్లు ఎస్ఎంపీఎస్ వైపు తిరిగుంటాయి, మధ్యలో సందు తక్కువ. ముందు మూతకున్న దుమ్ము తీసి, వేడి ఎంత వస్తోందో వారం చూసి ఇక్కడ పెట్టు.

తిరుపతి_టర్బో
రేకు ఉందట అన్నా, ఫొటో పంపాడు. 6 పిన్నుల సాకెట్టు కూడా లేదు. రేపు వెళ్లి జీపీయూ-జెడ్ చూసి తెస్తా.